మూడో మాత్ర

చీర కొంగును ఎడమచేతిలో, రవిక గుడ్డను కుడిచేతిలో పట్టుకుని దామోదరం కొట్టు గడప దాకా నడిచాడు. లోపల ట్యూబులైట్ల కింద రెండూ ఒకటే రంగు. పగటి వెలుతురులోకి తెస్తేగాని అసలు సంగతి తేలదు. పాండీ బజారు పక్క సందులో, ఆ మ్యాచింగ్ సెంటర్లో ఇరవై రెండేళ్లుగా అతను చేస్తున్న పని అదే. ఆడవాళ్లు చీర తెస్తారు, దానికి తగ్గ గుడ్డ తీసి గడప దగ్గర పక్కపక్కన పెట్టి చూపిస్తాడు. చేతులు సన్నగా వణికాయి. మందుల వల్ల వచ్చిన వణుకది. గుడ్డ కదలకుండా మోచేతుల్ని నడుముకు ఆనించుకుని, రెండొందల పద్నాలుగు, సరిపోయింది మేడమ్, అన్నాడు.

రెండొందల పద్నాలుగట! ఒకప్పుడు ఈ దామోదరం నోట అంకె వినబడితే ఒట్టు. ముచ్చిక చాటున ఎండ తగలకుండా పెరిగిన వంకాయ రంగు అమ్మా ఇది, అనేవాడు. నేరేడుపళ్లు తిని అమ్మకు దొరికిపోయిన నాలుక రంగు, అనేవాడు. ఒక గుడ్డ కోసం వచ్చినావిడ ఆ మాటలకు మురిసిపోయి మూడు కొనుక్కుని పోయేది. ఇప్పుడు రంగుల అట్ట వెనక ఉన్న రంగు నంబరు చదువుతాడు, అంతే. అయినా గంటకు ఇదివరకటికి రెట్టింపు మందిని పంపేస్తున్నాడని యజమాని శివరామ్‌కు పరమానందం. మనిషి నెమ్మదించాడని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. పక్కవాడు నెమ్మదిస్తే సంతోషించేవాళ్లకు లోకంలో కరువా!

నాలుగేళ్ల కిందట ఆసుపత్రి చీటీ మీద బైపోలార్ అని రాశారు. అప్పట్నించి రోజుకు మూడు లిథియం మాత్రలు. నిద్ర లేకుండా ఎగిరిపడే రోజులు పోయాయి. గోడవైపు తిరిగి పడుకునే వారాలూ పోయాయి. వాటి వెంట మిగతావన్నీ కూడా పోయాయి. కూతురు నందిత బడిలో బహుమతి తెచ్చినా, పెంచిన పిన్నమ్మ చచ్చిపోయినా ఛాతీలో ఒకటే చప్పిడి. ఉప్పు లేని కూడు మనిషి ఏళ్ల తరబడి తినగలడు. తినగలడుగాని, ఎందుకు తింటున్నాడో మరిచిపోతాడు. ఆ మాటే డాక్టరమ్మకు చెప్పి, బతిమాలి, నాలుగు నెలల కిందట మూడు మాత్రల్ని రెండు చేయించుకున్నాడు. తేడా మెల్లగా తెలుస్తుందని ఆమె చెప్పింది.

అప్పట్నించి అతను ఎదురుచూశాడు. రోజూ కొట్టు తెరవగానే చిలకపచ్చ తాను ఒకటి దించి, గడప మీద పరిచి, దాని ముందు నిలబడేవాడు. ఆ పచ్చ ఒకప్పుడు అతన్ని ఊరికే నవ్వించేది. ఒక నెల చూశాడు, రెండు నెలలు చూశాడు. పచ్చ పచ్చగానే ఉంది, లోపల ఏమీ కదల్లేదు. తమిళుల ఆషాఢం, ఆ ఆడి మాసపు తగ్గింపు అమ్మకాల రద్దీ ముగిసేసరికి ఆ తాను దించడం మానేశాడు. మాత్ర మీద నింద వెయ్యడానికి ఇంక వీల్లేదు. మాత్ర తగ్గింది, తను మాత్రం రాలేదు. అంటే రావడానికి లోపల ఎవరూ లేరన్నమాట.

ఆ సంగతి పోయిన వారమే భార్య భువనేశ్వరికి చెప్పాడు. సైదాపేటలో వాళ్ల ఇల్లు ఒక గదీ, ఒక వంటిల్లూ. ఆమె చిన్నుల్లిపాయలు ఒలుస్తుంటే వంటింటి గుమ్మంలో కూర్చుని అన్నాడు.

"నేను అయిపోయినా భువనా. మాత్రది కాదు తప్పు. లోపల మనిషే లేడు."

భువనేశ్వరి చెయ్యి తుడుచుకుని అతని తల మీద పెట్టింది. అట్టనుకోవద్దు, ఇట్టనే బాగుండావు, అంది. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే మజ్జిగ పోసిన రాగి అంబలి పెద్ద గ్లాసు నిండా ఇచ్చి, చివరి గుక్క తాగేదాకా ఎదురుగా నిలబడింది. రోజూ అలాగే నిలబడుతుంది. మొగుడు తాగేదాకా కదలని పెళ్లాం ఎంతమందికి దొరుకుతుంది? తనకు లోపల ఏమీ అనిపించకపోయినా, తనను చూసుకునే మనిషి ఒకటుందని దామోదరం అనుకున్నాడు.

ఇవాళ ఆసుపత్రికి పోవాలి. ఒంటిగంటకు శివరామ్‌ను అడిగి బయటపడ్డాడు. భువనేశ్వరి ఫైలు పట్టుకుని ముందే వచ్చి వరసలో కూర్చుని ఉంది. రెండు గంటలకు పిలిచారు.

డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసింది. పాత కాగితం తీసి పక్కన పెట్టింది. రోజుకు ఎన్ని మాత్రలని తమిళంలో అడిగింది. రెండు, అన్నాడు దామోదరం. మరిచిపోయి మూడోది వేసుకుంటున్నావా అంది. లేదన్నాడు. రక్తం ఇచ్చిన రోజు మాత్ర ఎప్పుడు వేసుకున్నావంది. అదీ చెప్పాడు. మూడు మాత్రలప్పుడు రక్తంలో మందు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది, ఇది రెండు తినేవాడి రక్తం కాదు, అంది ఆమె.

దామోదరం భార్య వైపు తిరిగాడు. మాత్రలు రోజూ చేతికిచ్చేది ఆమే కాబట్టి సాక్ష్యం ఆమే చెప్పాలి. నువ్వు చెప్పు, రెండే గదా, అన్నాడు.

భువనేశ్వరి తన చేతుల వైపు చూసుకుంది.

"మూడోది అంబలిలో కలిపినా" అంది.

పాత చీటీ చూపించి మందుల షాపులో కొన్నదట. చపాతీ కర్రతో పొడి చేసి మజ్జిగలో కలిపితే ఆ పులుపుకు తెలియదట. నాలుగు నెలలుగా, ఒక్క పూట తప్పకుండా. డాక్టరమ్మ గొంతు పెంచింది. లెక్క తెలియకుండా కలిపితే ఈ మందు విషమవుతుందనీ, మూత్రపిండాలు పోతాయనీ, ఆ చేతుల వణుకు చూస్తే భయం వెయ్యలేదా అనీ అడిగింది. ఇకనించి మాత్రలు అతని దగ్గరే ఉండాలంది. రెండంటే రెండే. వారానికి మళ్లీ రక్తపరీక్ష. నిద్ర తగ్గితే ఒక్కరోజు కూడా ఆగకుండా రావాలంది. దామోదరం అన్నిటికీ తలూపాడు.

బయట బస్‌స్టాపు బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. కోపం వస్తుందని అతను కాచుకున్నాడు. ఇంత మోసం జరిగితే ఎంత చవటకైనా కోపం వస్తుంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, ఎవరి చేతిని నమ్మి కళ్లు మూసుకుని తాగాడో ఆ చెయ్యే ఈ పని చేసింది. ఇదంతా అతనికి బాగా తెలుస్తోంది. కోపం మాత్రం పక్కింట్లో మోగే రేడియోలా ఎక్కడో వినబడుతోంది. ఆ కోపాన్ని కూడా ఆమె పొద్దున్నే గ్లాసులో కలిపి చప్పబరిచేసింది.

భువనేశ్వరి ఏడవలేదు. రోడ్డు వైపు చూస్తూ చెప్పింది.

"ఎన్నూరు సంగతి నువ్వు మరిచిపోయినావు, నేను మరవలా. తెల్లారకముందే పాపను ఎత్తుకుని పోయినావు, సముద్రంలో పొద్దు పొడిచేది చూపిస్తానని. మద్దేనానికి గంపెడు రొయ్యలతో వచ్చి వీధంతా పంచినావు, పాడతా. పాప ఏడ అని అడిగితే, ఏ పాప అన్నావు."

అది నిజం. ఏరు సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర రాళ్ల మీద, ఎండలో, వలలు ఆరేసేవాళ్ల పక్కన కూర్చుని ఉంది అప్పటికి తొమ్మిదేళ్ల నందిత. నాన్న వస్తాడని లేవలేదట. దామోదరానికి మాత్రం ఆ రోజు నించి మిగిలింది నీళ్ల రంగొక్కటే. ఆ రంగుకు అప్పుడే ఒక పేరు కూడా పెట్టాడు, పిల్లను మరిచిపోయి.

నాలుగేళ్లుగా నేను నిద్రపోతా ఉండా, అంది భువనేశ్వరి. ఆ నిద్రను పోగొట్టుకోలేకపోయినా, అంది.

ఆమె భయాన్ని దామోదరం అర్థం చేసుకున్నాడు. మూడోది మాననివ్వనని మొహం మీద చెప్పి ఉంటే అదీ సరేననేవాడేమో. అతను ఆగింది ఇంకోచోట.

"నేను చచ్చిపోయినా అనుకున్నా గదా. నీకు చెప్పినా గదా, వంటింట్లో."

"చెప్పినావు."

"తెల్లారి మళ్లా కలిపినావు."

బస్సు వచ్చింది. ఆమె లేచింది. ఫైలు చంకన పెట్టుకుని ఎక్కింది.

ఇల్లు చేరగానే అతను విప్పిన చొక్కాను భువనేశ్వరి తీసుకుపోయి ఉతికింది. ఇప్పుడే ఉతకాల్సిన పని కాదు, ఏదో ఒకటి చెయ్యాలని చేసింది. తర్వాత కంచంలో అన్నం పెట్టి, వంకాయ కూర వడ్డించి, అతని ముందుంచి కాస్త దూరంగా కూర్చుంది. దామోదరం కంచం వైపు చూశాడు. చెయ్యి కడుక్కున్నాడు, కలపబోయాడు. చెయ్యి ముందుకు పోలేదు. ఆకలి ఉంది. ఇందులో ఏమీ లేదని కూడా తెలుసు. అయినా రేపూ ఇలాగే చూస్తాడు, ఎల్లుండీ చూస్తాడు. ఆమె పెట్టే ప్రతి ముద్దనూ ముందు వేలితో చిదిమి చూసే మొగుడిగా ఈ ఇంట్లో బతకడం అతనికి చేతకాదు. బుద్ధికి రాని కోపం చేతికి వచ్చింది.

మనలిలో అక్క సీతాదేవి ఉంది. ఫోను చేసి కొన్నాళ్లు ఆడ ఉంటానని చెప్పాడు. నిద్ర సంగతి నువ్వే గమనించాలక్కా, అని కూడా చెప్పాడు. రెండు జతల బట్టలూ, ఫైలూ, మాత్రలూ సంచిలో పెట్టుకుని, ట్యూషన్ నించి నందిత వచ్చేదాకా గుమ్మంలో కూర్చున్నాడు. ఆ పిల్లను చెప్పకుండా వదిలిపోవడం ఒకసారి అయింది, అది చాలు.

నందిత సంచిని చూసింది, అమ్మను చూసింది. అత్త ఇంటికి పోతున్నానని దామోదరం చెప్పాడు.

"మాత్రలు పెట్టుకున్నావా నాయనా?" అంది.

సంచి తెరిచి చూపించాడు. నందిత ఆ రెండు అట్టల్నీ వేలితో తాకి, పక్కకు జరిగి దారిచ్చింది.

నీ చొక్కా ఇంకా ఆరలా, అంది లోపలినించి భువనేశ్వరి. ఉండనీ, అన్నాడు దామోదరం, మెట్లు దిగుతూ.

వసారాలో తీగ మీద, రెండు క్లిప్పులకు తలకిందులుగా వేలాడుతున్న ఆ నీలం చొక్కా చేతుల అంచుల నించి నీళ్లు ఒక్కొక్క చుక్కే కారుతున్నాయి.