ఆపుకున్న దగ్గు

మూడోసారి ఉప్పునీళ్ళు పుక్కిలించి ఉమ్మేసి, అద్దం ముందు నోరు బార్లా తెరిచి గొంతు చూసుకున్నాడు మిమిక్రీ ఆయన. వీధిలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. సొంత గొంతుతో పలకరిస్తే "ఒంట్లో బాగోలేదా?" అని అడుగుతారు. ఏళ్ళ తరబడి ఆయనకు తిండి పెట్టినవి అరువు గొంతులే. వాటిలో బాగా అమ్ముడుపోయింది ఒక సినిమా హీరో దగ్గు.

తెర మీద ఆకాశంలో ఎగిరి లోకాన్ని కాపాడే ఆ హీరో, సభల్లో మాట్లాడేటప్పుడు మాట మధ్యలో దగ్గేవాడు. ఈయన దాన్ని పట్టుకున్నాడు. "ఈ నగరాన్ని నేను..." అని ఛాతీ విరిచి, మెలికలు తిరిగిపోతూ దగ్గి, "రేపు కాపాడతాను" అనేవాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు.

హీరో నిరుడు ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆ ఎగిరే వీరుడి సినిమా రెండో భాగం షూటింగ్ పూర్తయింది గాని డబ్బింగ్ మిగిలిపోయింది. ఆ గొంతు కోసం ఈయన్ని పిలిచారు.

"పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం," అంది భార్య మఫ్లర్ అందిస్తూ. "ఇవాళైనా బుద్ధిగా మాట్లాడి రండి."

"అది జబ్బని నాకేం తెలుసే?"

ఏడాదిగా ఈ మాటే అంటున్నాడు.

డబ్బింగ్ గదిలో గాజు అవతల దర్శకుడి పక్కన తల నెరిసిన ఒకావిడ కూర్చుని ఉంది. హీరోగారి అక్క. ఆవిడ సరేనంటేనే ఈ గొంతు ఖాయం. ఆయన నమస్కారం పెట్టి తల దించుకున్నాడు. ఆవిడే లోపలికి వచ్చి, మైకు పక్క బల్ల మీద ఫ్లాస్కు పెట్టి, మూతలో వేడినీళ్ళు పోసింది.

"తమ్ముడికి ఇలాగే తెచ్చేదాన్ని. తాగండి బాబూ."

ఆయన మూత ముట్టుకోలేదు.

ఆవిడ మళ్ళీ గాజు అవతలికి వెళ్ళాక, తెర మీద చివరి సీను వేశారు. మేడ అంచున నిలబడ్డ వీరుడు ముసుగు తీసి, "ఇక నగరం మీది" అని పెదవులు కదిపి ఆగాడు. మెడ నరం ఉబ్బింది. మళ్ళీ పెదవులు కదిలాయి.

"ఆ ఖాళీలో మీ దగ్గు పెట్టండి మాస్టారూ," దర్శకుడి మాట హెడ్‌ఫోన్లలో వినిపించింది. "జనానికి ఆయనే గుర్తొస్తాడు."

"అక్కడ వాడు దగ్గలేదండీ," అంది అక్క, దర్శకుడి మైకు దగ్గరికి వంగి. "ఆపుకున్నాడు. మీ ప్రోగ్రాం టీవీలో చూశాడు బాబూ. నవ్వాడు కూడా. ఆ తర్వాత నలుగురిలో దగ్గడం మానేశాడు. ఇంటికొచ్చి, తలుపేసుకుని దగ్గేవాడు."

ఆవిడ మాటలో కోపం లేదు. కోప్పడినా బాగుండేది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. అన్ని గొంతులున్నవాడికి క్షమాపణ ఏ గొంతుతో అడగాలో తెలియలేదు.

"మళ్ళీ వెయ్యండి," అన్నాడు.

"ఇక నగరం మీది." నరం ఉబ్బినచోట ఊపిరి బిగబట్టాడు. అప్పుడే నిజం దగ్గు తన్నుకొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా ఆపుకున్నాడు. "వెళ్ళొస్తాను."

వీరుడు అంచు మీంచి అడుగు వేశాడు. తెర మీద ఆకాశం మిగిలింది. గాజు అవతల అక్క చేతుల్లో మొహం దాచుకుంది.

ఆయన హెడ్‌ఫోన్లు తీసిపెట్టి, ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచాడు. వీధి మలుపు తిరిగాకగాని దగ్గలేదు.

మైకు పక్కన ఫ్లాస్కు మూతలో పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి, ఇంకా కొంచెం వెచ్చగా.