డబ్బా మూత, పన్నెండు బల్బులు

"ఈ డబ్బా మూత ఎక్కడ చచ్చిందో!" అంటూ అత్తగారు మూడో రోజు కూడా వంటిల్లంతా గాలిస్తున్నారు. మూత ఎక్కడికీ పోలేదు. ముందు గదిలో, స్టూడియో బల్ల సొరుగులో ఉంది. కాకపోతే దాని నడుమ లెన్సు పట్టేంత గుండ్రటి కన్నం, దాని చుట్టూ పన్నెండు చిన్న కన్నాలు ఉన్నాయి కాబట్టి ఇక ఏ డబ్బాకూ పనికిరాదు. ఆ సంగతి కోడలు చెప్పలేదు. చెబితే ఎందుకు, ఏమిటి అని మొదలవుతుంది. చివరికి అత్తగారే డబ్బా మీద ఒక పళ్లెం బోర్లించి ఊరుకున్నారు.

పిల్లల పుస్తకాలు వేసే ఒకావిడ, పెరటి పురుగుల మీద పుస్తకం తెస్తున్నామని, ఇరవై నాలుగు ఫొటోలు దగ్గర్నుంచి తీసి ఇమ్మని వచ్చింది. ముందు గదిలో ఫొటో స్టూడియో నడిపే కోడలి భర్త ఓ, దానికేం అన్నాడు. రెండు రోజులు నానా తంటాలూ పడ్డాడు. చీమ కళ్లు కనబడేంత దగ్గరికి పోతే లెన్సు నీడే చీమ మీద పడుతోంది. "దీనికి లెన్సు చుట్టూ వెలిగే రింగ్ లైటు కొనాలి. చీమల కోసం ఎవడు కొంటాడు? నువ్వేమన్నా చూడు" అని కెమెరా భార్య చేతిలో పెట్టి, ఫంక్షన్ ఆర్డరుందని వెళ్లిపోయాడు. నువ్వేమన్నా చూడు అంటే ఆ ఇంట్లో పని నీది అని అర్థం. పూర్తయ్యాక అది మళ్లీ ఆయనదైపోతుంది.

పంతొమ్మిదేళ్లుగా అంతే. జనం మొహాల మీద మచ్చలు చెరిపేది ఆమె, పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించేది ఆమె, ప్రతి ఫొటో వెనకా ఆయన పేరున్న రబ్బరు స్టాంపు గుద్దేది కూడా ఆమే. అలాంటిది, ఫొటోలు తీసినవారి పేరు మొదటి పేజీలో వేస్తామని ఆ పుస్తకాలావిడ వెళ్తూ వెళ్తూ అన్న మాట చెవిన పడింది. అప్పట్నుంచి మనసు ఒక చోట నిలవడం లేదు. ఈ వయసులో పేరు మీద ఆశేమిటని సిగ్గేసింది. సిగ్గేసినా సరే, కావాలనే అనిపించింది.

ఆ లైటేదో తనే చేయాలనుకుంది. మూడేసి చిన్న ఎల్ఈడీ బల్బులు ఒక వరస, నాలుగు వరసలు, వరసకో రెసిస్టరు, మూలన పడున్న పన్నెండు వోల్టుల అడాప్టరు. సామానమ్మే కొట్టతను కాగితం మీద గీసిచ్చాడు. పొడుగు కాలు ప్లస్, పొట్టి కాలు మైనస్ అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు కూడా. ఆమె ఇంటికొచ్చి ఏం చేసిందంటే, పన్నెండు బల్బుల కాళ్లూ స్కేలు పెట్టి కొలిచి, సమానంగా కత్తిరించి, బల్ల మీద వరసగా పేర్చింది. పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించిన చేయి మరి! ఇప్పుడు ఏది పొడుగు, ఏది పొట్టి? తన తెలివికి తనే తల కొట్టుకుని, చిన్న రిమోట్‌లోంచి మూడు వోల్టుల బటన్ సెల్ ఊడదీసి, ఒక్కో బల్బుకీ అటూ ఇటూ ఆనించి చూసింది. వెలిగినప్పుడు ప్లస్ వైపున్న కాలికి ఎర్ర సిరా చుక్క పెట్టింది. అన్నీ డబ్బా మూత కన్నాల్లో అతికేసరికి మధ్యాహ్నమైంది. మీద ట్రేసింగ్ కాగితం అంటించి స్విచ్చి వేస్తే, అరచేతిలో తెల్లటి వెలుగు. నీడ లేదు. చాలా సంతోషమేసింది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

తర్వాతి వారమంతా పెరట్లో మోకాళ్ల మీదే గడిచింది. "బూజు దులపవే అంటే సాలీడుకి ఫొటో తీస్తోంది మా కోడలు" అని అత్తగారు పక్కింటావిడకి గోడ మీంచి చెప్పి నవ్వారు. ఆయన మాత్రం ఫొటోలు చూసి, "పర్లేదే, మనకి బాగానే వచ్చాయి" అన్నాడు. మర్నాటికి ఫోనులో స్నేహితుడితో, "చీమ మీసం మీద వెంట్రుకలు కూడా వచ్చాయిరా, నేనే లైటు తయారుచేశా" అంటున్నాడు. ఆమెకు ఒళ్లు మండింది. చేతిలో పనుంది కాబట్టి పని చేసుకుంది.

పుస్తకాలావిడ ఫోను చేసినప్పుడు ఆయన స్నానంలో ఉన్నాడు. "పేర్ల పేజీ ప్రెస్సుకి వెళ్తోందండీ. ఫొటోలు ఎవరు తీశారని వేయమంటారు?" అని అడిగింది. మావారిని అడిగి చెబుతానండీ అనడం ఆమెకు పంతొమ్మిదేళ్ల అలవాటు. నోటిదాకా వచ్చింది కూడా. ఆగి, తన పేరు చెప్పింది. అక్షరం అక్షరం రాయించింది. తర్వాత ఇంకో మాట చెప్పి ఫోను పెట్టేసింది.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చాడు. "ఎవరు?"

"పుస్తకాలావిడ. ఫొటోలు తీసినవారి పేరు అడిగితే చెప్పాను."

"నా పేరు సరిగ్గా రాసుకుందా?"

"ఫొటోల దగ్గర నా పేరు రాయించాను. కింద మీ పేరు, సహకారం అని."

ఆయన తువ్వాలు కుర్చీ మీదకి విసిరాడు. "సహకారమా? నేనేం సహకరించానే నీకు?"

ఆమె ఫోను మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"అయితే అదీ తీసేయమని చెప్పనా?"