హార్బరు సముద్రం కాదంట

విశాఖపట్నం హార్బరు చుట్టూ తిప్పి చూపించే లాంచీ బయలుదేరబోతోంది. డ్వాక్రా సంఘం ఆడవాళ్ళు పద్నాలుగు మందీ ఎక్కేసి, అంచు సీట్ల కోసం కీచులాడుకుంటున్నారు. లక్ష్మణమ్మ ఒక్కతే జెట్టీ మీద నిలబడిపోయింది. పుట్టింది సముద్రం ఒడ్డున, మెట్టిందీ సముద్రం ఒడ్డునే. అలాంటి మనిషి నీళ్ళు చూసి కాళ్ళు బిగదీసుకుంటే చూసేవాళ్ళకి నవ్వు రాదా మరి. టికెట్లు చింపే అతను నవ్వనే నవ్వాడు.

"నానెక్కనే. మీరెల్లి రండి," అంది లక్ష్మణమ్మ.

సంఘం లీడరు అనూరాధకి సంగతి తెలుసు. ఆ మాటకొస్తే వాళ్ళ ఊళ్ళో తెలియనిదెవరికి? రెండేళ్ళ కిందట లక్ష్మణమ్మ మొగుడు ఎల్లాజీ, ఆమె తమ్ముడు నాగబాబు ఒకే తెప్ప మీద వేటకి వెళ్ళారు. ఎల్లాజీ ఒక్కడే ఈదుకుంటూ వచ్చాడు. నాగబాబు శవం కూడా దొరకలేదు. పదకొండో రోజున లక్ష్మణమ్మ మొగుడి చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుని, ఇక జన్మలో వేటకి వెళ్ళనని ఒట్టు వేయించుకుంది. సముద్రం మీద కాలు పెట్టనని తనూ ఒట్టు వేసింది. ఎల్లాజీ వలలు అమ్మేసి, ఆమెని ఊళ్ళోనే ఉంచి, విశాఖపట్నం వచ్చి ఐసు ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు.

అనూరాధ జెట్టీ మీదికి దిగొచ్చి చెయ్యి పట్టుకుంది. "వొదినా, హార్బరు సముద్రం కాదు. గవర్నమెంటోలు తవ్వించిన కాలవ. సుట్టూ గట్టున్నాది సూడు. నువ్వు ఒట్టేసినావు సముద్రానికి గానీ కాలవకి కాదు కదా."

మనసులో ఎక్కాలని ఉన్నప్పుడు ఏ మాటైనా న్యాయంగానే వినిపిస్తుంది. లక్ష్మణమ్మ చెప్పులు చేతబట్టుకుని ఎక్కేసింది.

నిజం చెప్పాలంటే ఆమె ఇంత దూరం వచ్చింది లాంచీ కోసం కాదు, మొగుడి కోసం. ఎగ్జిబిషన్‌లో ఎండుచేపల స్టాలు పెట్టడానికి సంఘం వస్తుందనగానే, ముందురోజు ఆమదాలవలస వెళ్ళి ఒక మంకీ క్యాపు కొనుక్కొచ్చింది. ఐసు ఫ్యాక్టరీ అంటే మాటలా, ఎముకలు కొరికే చలి కదా. సాయంత్రం చెప్పాపెట్టకుండా అతను అద్దెకుండే గది ముందు నిలబడి ఎల్లాజీ మొహం ఎలా వెలుగుతుందో చూడాలని ఆమె ఆశ. అందుకే తలంటుకుని, నూనె రాసుకుని, నున్నగా దువ్వి, మూర కనకాంబరాలు పెట్టుకుని మరీ వచ్చింది.

ఆ నూనె, ఆ దువ్వెన ఆమెకి మామూలు సంగతులు కావు. మగాడు వేటకి వెళితే, తిరిగి ఒడ్డెక్కేదాకా ఆడది తల దువ్వుకోకూడదని, నూనె రాసుకోకూడదని, పొయ్యి మీది పెనం బోర్లించకూడదని అత్త నేర్పింది. పద్దెనిమిదేళ్ళు అక్షరం తప్పకుండా పాటించింది. నాగబాబు పోయిన రోజు కూడా పాటించింది. అందుకే ఎల్లాజీ తిరిగొచ్చాడని ఆమె నమ్మకం. నాగబాబుకి పెళ్ళి కాలేదు. వాడి కోసం తల చింపిరిగా వదిలేసే మనిషి లేకపోయింది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమెకి కడుపు రగిలిపోతుంది. ఎల్లాజీ ఒట్టు వేశాకే ఆమె రోజూ తల దువ్వుకోవడం, గాలి వీచినా లేవకుండా నిద్రపోవడం మొదలుపెట్టింది.

లాంచీ కదిలింది. మైకు పట్టుకున్న అబ్బాయి అదిగో లైట్‌హౌసు కొండ, ఇదిగో నేవీ ఓడ, ఫొటోలు తీయకండమ్మా అని ఊదరగొడుతున్నాడు. ఇళ్ళంత ఇనప పెట్టెల్ని క్రేను అవలీలగా ఎత్తి ఓడలో పెడుతుంటే ఆడవాళ్ళందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. లక్ష్మణమ్మ మొదట లాంచీ అంచు కమ్మీని వదల్లేదు. కాసేపటికి ఆమెకే తెలియకుండా చెయ్యి వదిలింది. నీళ్ళ గాలి మొహానికి తగులుతుంటే హాయిగా ఉంది. హాయిగా ఉన్నందుకు తమ్ముడు గుర్తొచ్చి సిగ్గేసింది.

హార్బరు ముఖద్వారం దగ్గర లాంచీ వేగం తగ్గించి పక్కకి ఒదిగింది. బయట సముద్రంలోంచి ఒక వేట బోటు లోపలికి వస్తోంది. దాని ముందు కొసన, వలల కుప్ప మీద ఒక మనిషి కూర్చున్నాడు. తలగుడ్డ ముడి ఎడమ చెవి మీదికి వచ్చేలా కట్టుకున్నాడు. అలా కట్టుకునే మనిషి ఒకడు తనకి తెలుసు కదా అనుకుని లక్ష్మణమ్మ నవ్వుకుంది. మనిషిని పోలిన మనుషులు ఉండరా ఏమిటి.

ఆ మనిషి మొలలోంచి ప్లాస్టిక్ సంచి తీశాడు. సంచి విప్పి ఫోన్ తీసి, నొక్కి చెవికి పెట్టుకున్నాడు.

లక్ష్మణమ్మ చేతిసంచిలో ఫోన్ మోగింది.

ఆమె సంచి వైపు చూడలేదు, బోటు వైపే చూస్తోంది. పక్కనున్న అనూరాధే సంచిలోంచి ఫోన్ తీసి, పేరు చూసి, నొక్కి ఆమె చేతిలో పెట్టింది. "అన్నయ్యే. మాట్లాడొదినా."

"ఉన్నావా? ఒసే, ఏటి సేస్తన్నావు?" అన్నాడు ఎల్లాజీ. రోజు విడిచి రోజు, మధ్యాహ్నం మూడింటికి వినిపించే గొంతే అది. లోపల గోడలు మందం, సిగ్నల్ అందదు, డ్యూటీ దిగి బయటికొస్తేనే అందుతుంది అని చెబుతాడు. ఆమె పాపం రెండేళ్ళుగా ఆ గోడల్నే తిట్టుకుంటోంది.

"నువ్వేటి సేస్తన్నావు?" అంది. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

"ఇప్పుడే డ్యూటీ దిగినాను. సేతులు గడ్డకట్టీసినాయి. ఒకటే సలి."

యాభై గజాల దూరంలో, ఎండకి కాలి నల్లబడ్డ మనిషి, చొక్కా లేకుండా, ఒక కాలు నీళ్ళ మీదికి వేలాడదీసుకుని ఆ మాట అన్నాడు. అంటూనే మోచేత్తో నుదుటి మీది చెమట తుడుచుకున్నాడు. అబద్ధాన్ని ఇలా కళ్ళారా చూడటం ఎవరి నొసట రాసి ఉంటుంది. లక్ష్మణమ్మకి ముందు కోపం రాలేదు, భయం వేసింది. మొన్న దసరాలు వెళ్ళాక తుపాను పట్టిన రాత్రి తను తలకి నూనె పట్టించుకుని పడుకుంది. పెనం బోర్లించే ఉంది. ఈ మనిషి ఆ రాత్రి ఎక్కడున్నాడు? రెండేళ్ళుగా తన మొగుడు ఎవరూ లేనివాడిలా, అచ్చం నాగబాబులాగే, సముద్రం మీదికి వెళ్ళొస్తున్నాడు.

అప్పుడే లాంచీ హారన్ కొట్టింది.

ఆ కూత ఒక చెవికి గాలిలోంచి, ఇంకో చెవికి ఫోన్‌లోంచి వినిపించింది. అవతల ఎల్లాజీకీ అంతే. మాట మధ్యలో ఆగిపోయి తల తిప్పాడు. లాంచీ నిండా ఆడవాళ్ళు. కమ్మీ దగ్గర ఫోన్ చెవికి పెట్టుకుని ఒకతి.

బోటు దగ్గరవుతోంది. ఎల్లాజీ మెల్లగా లేచి నిలబడ్డాడు.

"నువ్వు నీళ్ళ మీద ఉన్నావేటే," అన్నాడు చివరికి. ముందు ఆ మాటే వచ్చింది ఆ మహానుభావుడి నోట.

"హార్బరు సముద్రం కాదంట."

"కాదులే," అన్నాడు ఎల్లాజీ.

"నా నెత్తిన సెయ్యెట్టినావు మావా. ఒట్టు తప్పితే పోయేది నానే కదా. గుర్తు లేదేటి?"

"గుర్తు లేకేటి. ఫ్యాక్టరీలో నెల్రోజులు సేసినాను. ఎటు సూసినా గోడే. ఉండలేకపోనాను. ఎల్లినప్పుడల్లా నీకేటయిపోద్దోనని అక్కడ పేణం కొట్టుకుంటాది. సిగ్నల్ అందీసరికి ముందు నీకే సేస్తాను. నువ్వెత్తేదాకా నాకు ఊపిరాడదు."

లక్ష్మణమ్మ కమ్మీ పట్టుకుని కూలబడింది. ఇన్నాళ్ళూ మూడు గంటలకి వచ్చిన ప్రతి ఫోనూ ఆమెకి గుర్తొచ్చింది. ఎత్తగానే ముందు "ఉన్నావా" అనేవాడు. అదేం పిచ్చి ప్రశ్న అని విసుక్కునేది. ఇప్పుడు కోపమూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. అనూరాధ ఏదో అడగబోయి, ఆమె మొహం చూసి, దూరంగా జరిగింది.

బోటు పక్కనుంచి దాటిపోతోంది. తలగుడ్డ చేత్తో పట్టుకుని ఎల్లాజీ ఇటే చూస్తున్నాడు. గడ్డం నెరిసింది. ఆ నెరుపు ఆమె ఎప్పుడూ చూడలేదు.

"మళ్ళీ ఎప్పుడెల్తావు?" అంది.

ఆమె తిడుతుందనో, మానేయమంటుందనో కాచుకుని ఉన్నాడు కాబోలు.

"ఎల్లుండి. తెల్లారుగట్ల నాలుగింటికి," అన్నాడు.

"నీకు మంకీ క్యాపొకటి తెచ్చినాను. గాలికి పనికొస్తాది, పట్టికెల్లు." ఆమె ఊపిరి తీసుకుంది. "ఎక్కే ముందు ఫోన్ సెయ్యి మావా. ఇకనుంచి సెప్పకుండా ఎక్కకు. సెప్పకపోతే నాకెలా తెలుస్తాది, తల దువ్వుకోవాలో మానీయాలో."

ఫోన్‌లో ఇంజను చప్పుడు వినిపిస్తోంది. బోటు ఇంకా జెట్టీ చేరలేదు, అతనింకా నీళ్ళ మీదే ఉన్నాడు. ఆమె ఫోన్ చెవి దగ్గర అలాగే పట్టుకుని, రెండో చేత్తో కనకాంబరాలు తీసి సంచిలో పెట్టుకుంది. తరవాత జడ విప్పేసింది.