వెనక్కి వెళ్లని పలకలు

తలుపుల మడతబందులు చేసే ఆ ఫ్యాక్టరీలో చివరి బల్ల దగ్గర కూర్చునే ఆయనను అందరూ డాక్టరు అనేవారు. రంధ్రం వెంట్రుకవాసి పక్కకు జరిగిన ఇనప పలకలు ఆయన దగ్గరికి వచ్చేవి. ఆకురాయితో నాలుగుసార్లు గీకితే రోగం నయమైపోయేది. మొదట్లో రోజుకు నాలుగైదు వచ్చేవి, ఇప్పుడు నలభై. ఒక్కటి కూడా వెనక్కి పంపలేదని ఆయనకు కొండంత గర్వం.

ఆ గర్వం వెనక ఒక గుట్టుంది. రంధ్రాలు వేసే మెషిను మీద పనిచేసేది స్వయానా ఆయన భార్యకు అన్న. ఎనిమిదేళ్ల కిందట బావకు కంటి ఆపరేషన్ అయింది. ఆ ఏడే ఈ పలకలు రావడం మొదలైంది. ఇంకేముంది, బావకు చూపు ఆనడం లేదని డాక్టరు తేల్చేసుకున్నాడు. తనకు ఈ ఉద్యోగం వేయించింది ఆ బావే. సంగతి పొక్కితే ఆయన్ను మెషిను మీంచి దింపేస్తారు, రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. అందుకే మూడో కంటివాడికి తెలియకుండా గీకుతూ వచ్చాడు. నోరు జారుతుందేమోనని బావతో కలిసి భోజనానికి కూర్చోవడం కూడా మానేశాడు. మంచివాడి మొహమాటం ఎంత దూరం వెళుతుందో చూడండి.

ఇంతలో వృథా తగ్గించమని ఒక కొత్త ఇంజినీరమ్మను పంపారు. ఏది చూసినా ఎందుకని అడిగేది. రెండు రోజుల్లోనే ‘ఎందుకమ్మ’ అని పేరు పడిపోయింది. మూడో రోజు ఆమె డాక్టరు బల్ల దగ్గర చాలాసేపు నిలబడింది. ఇంత చక్కటి పనితనం తానెక్కడా చూడలేదంది. ఆ నోటితోనే, రేపు ఒక్కరోజు ఏదీ బాగు చేయొద్దని, పలకలన్నీ మెషిను దగ్గరికే తిరిగి వెళ్లాలని చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నానికి పదిహేడు పోగుపడ్డాయి. బుట్ట పట్టుకుని ఆమె వెనకే నడిచాడు. బావ మొహంలోకి చూసే ధైర్యం లేకపోయింది.

రంధ్రం ఎందుకు జరిగిందని ఆమె అడిగింది. పలక కదిలి ఉంటుందన్నాడు బావ. ఎందుకు కదిలింది? ఆయన బిగింపు విప్పి, పలక ఆనే పిన్నును వేలితో తడిమాడు. ఒక పక్క అరిగిపోయి ఉంది. చిటికెన వేలంత ఉక్కు ముక్క, మార్చడానికి పావుగంట చాలు. మరి ఎందుకు మార్చలేదని అడిగింది.

“తప్పొస్తోందని నాకెవరు చెప్పారమ్మా? ఆపరేషన్ అయ్యాక సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నా. ఒక్క పలక వెనక్కొచ్చినా పట్టేసేవాణ్ణి,” అన్నాడు బావ.

ఎందుకు రాలేదని అడగబోయి, డాక్టరు మొహం చూసి ఆమె ఆగిపోయింది. ఆ ప్రశ్నకు జవాబు తానేనని ఆయనకు అర్థమైంది. తల కొట్టేసినట్టయింది.

“నేనే పంపలేదు. నీ కళ్లు పోయాయనుకున్నాను బావా. నీ పని పోతుందని భయపడ్డాను.”

బావ పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“కళ్లు పోయాయనుకున్నవాడివి, ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ‘బావా, బాగా కనిపిస్తోందా’ అని అడగలేకపోయావా?”

కొత్త పిన్ను బిగించాక సాయంత్రం దాకా డాక్టరు బల్ల మీదికి ఒక్క పలకా రాలేదు. ఆకురాయి తుడిచి డ్రాయరులో పెట్టేశాడు.

మర్నాడు భోజనం గంట కొట్టాక, క్యారియరు పట్టుకుని బావ బల్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. బావ తలెత్తలేదు. తన అన్నం డబ్బా మాత్రం పక్కకు జరిపాడు.