సొరుగులో స్లైడు

పదకొండు నెలల క్రితం పోయిన తాపీమేస్త్రి ల్యాబు గుమ్మం పక్క బెంచీ మీద ఇంకా కూర్చునే ఉంటాడు. ఎడమ పక్కటెముకల కింద అరచెయ్యి ఆనించుకుని, అయిపోయిందా అన్నట్టు లోపలికి చూస్తూ. మిగతావాళ్ల కళ్లకి అది ఉత్త బెంచీయే. భూతద్దానికి మాత్రం, ఎవరైనా అక్కడ కూర్చోబోతే "కాస్త అటు జరగండి" అనకుండా నోరు బిగపట్టుకోవడం కష్టమైపోతోంది.

భూతద్దమంటే ల్యాబు టెక్నీషియను. ముప్పై ఏళ్లు మైక్రోస్కోపుకి కన్ను అతికించి ఆ పేరు సంపాదించాడు. "బియ్యంలో రాళ్లేరమంటే సగం వదిలేస్తావు, ఏం భూతద్దమయ్యా నువ్వు?" అని భార్య దెప్పుతుంటుంది. ఒకప్పుడు ఆ మాటకి నవ్వేవాడు.

ఆ ఉదయం బెంచీ మీద నిజంగానే మనిషి ఉంది. మేస్త్రి భార్య. చెంపలు పీక్కుపోయాయి. పొట్ట ఎడమవైపు ఎత్తుగా ఉబ్బింది. అరచెయ్యి సరిగ్గా అక్కడే పెట్టుకుంది.

"నెల్లాళ్లుగా జ్వరం బాబాయ్. హెచ్ఐవీ మందులు ఒక్క పూట మానలేదు, ఒట్టు. ఆయనకొచ్చిందే నాకూ వచ్చినట్టుంది."

"ఆయనకేం వచ్చిందో ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పారు గనక! టీబీ అయ్యుంటుందన్నారు. ఆ మందులు మింగుతూనే పోయాడు."

కాలా అజార్ స్ట్రిప్పు మీద ఆమె రక్తపు చుక్క వేశాడు. ఇసుక ఈగ కుడితే వచ్చే జబ్బది. రెండు గీతలొస్తే ఉన్నట్టు, ఒకటే వస్తే లేనట్టు.

ఒకటే వచ్చింది. అప్పట్లో మేస్త్రికీ ఒకటే వచ్చింది.

ఆ స్ట్రిప్పు క్రిమిని చూడదు. క్రిమి మీద ఒళ్లు పెట్టే గోలని వింటుంది, అంతే. హెచ్ఐవీ ఉన్న ఒంటికి ఒక్కోసారి ఆ గోల పెట్టే గొంతే ఉండదు. మేస్త్రికీ హెచ్ఐవీ ఉండేది. ఈ సంగతి శిక్షణలో విన్నదే. విని, సర్టిఫికెట్టుతో పాటు బీరువాలో పెట్టేశాడు.

మేస్త్రి రక్తం స్లైడు చూసిందీ అతనే. తెల్లకణాలు ఏ రకానివి ఎన్నున్నాయో చెప్పమన్నారు, లెక్కపెట్టాడు. కణం కనబడగానే వేలు మీట నొక్కేది, కన్ను పక్క కణం మీదికి దూకేది. కణం కడుపులో ఏముందో చూడమని ఎవరూ రాయలేదు. స్ట్రిప్పు ఎలాగూ లేదంది. మనిషి పోయిన మూడోరోజు, మనసొప్పక, ఆ స్లైడు మళ్లీ పెట్టాడు. ఒక పెద్ద కణంలో నాలుగు గుండ్రటి గింజలు, కాలా అజార్ క్రిములు. ఒక్కోదాంట్లో ఒక చుక్క, చుక్క పక్కనే చిన్న పుల్లముక్క. నాలుగు కళ్లు కిందినుంచి తననే చూస్తున్నట్టనిపించింది. స్లైడుని కాగితంలో చుట్టి సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు లేచి డాక్టరమ్మ గదికి వెళ్లాడు. ఆవిడ ఈ ఆసుపత్రికి కొత్త.

"ఎముక మూలుగ తీసి చూద్దాం డాక్టరమ్మా."

"స్ట్రిప్పు నెగటివ్ కదండీ. ప్లేట్‌లెట్లు చూస్తే అడుగంటి ఉన్నాయి, ఊరికే సూది గుచ్చమంటారా? టీబీ మందులు మొదలుపెడతాను."

"వాళ్లాయనకీ అలాగే మొదలుపెట్టారు."

"అయితే?"

అయితేకి జవాబు సొరుగులో ఉంది. తీస్తే ముప్పై ఏళ్ల పేరు మట్టిగొట్టుకుపోతుంది. తీయకపోతే బెంచీ మీద ఇద్దరవుతారు.

తెచ్చి ఆవిడ మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఆవిడ చాలాసేపు తలెత్తలేదు.

"ఎవరు చూశారిది?"

"నేనే. చూడందీ నేనే."

"కాగితం మీద రాసివ్వాలి మీరు."

"ఇస్తాను. ముందు ఆ అమ్మాయి సంగతి చూడండి."

మధ్యాహ్నానికల్లా మూలుగ స్లైడు అతని చేతికొచ్చింది. వెతకాల్సిన పనే లేకపోయింది. ఎటు తిప్పినా అవే కళ్లు.

పద్నాలుగు రోజుల వైద్యం. ఒక రోజు విడిచి ఒక రోజు గ్లూకోజు సీసాలో ఆంఫోటెరిసిన్, రోజూ మిల్టెఫోసిన్ మాత్రలు. వాంతులతో అల్లాడింది గానీ వారం తిరిగేసరికి జ్వరం జారింది. ఉబ్బిన పొట్ట మెత్తబడింది. ఇంటికెళ్లే రోజు వచ్చి బెంచీ మీద కూర్చుంది.

"మా ఆయనదీ ఇదేనా బాబాయ్?"

"ఇదేనమ్మా. ఆ రోజే స్లైడులో ఉంది. నేను చూసుకోలేదు."

తిడుతుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు.

"నాకు చూపించు," అంది.

చూపించాడు. ఒక కన్ను మూసి వంగి, ఊపిరి బిగబట్టి చూసింది.

"ఇంతింత వాటికా అంత మనిషి పోయాడు?" కన్ను తీయకుండానే, "నాలోవి చచ్చాయా?" అంది.

"చాలామట్టుకు. దాక్కునే రకం ఇవి. నీ ఒంట్లో బలం తగ్గితే మళ్లీ లేస్తాయి. నెలనెలా రావాలి."

"వస్తాను. నువ్వే చూడాలి. ఇంకెవరి చేతికీ ఇవ్వకు." ఆ మాటలో క్షమించడమూ లేదు, కోపమూ లేదు. "అవెక్కడ దాక్కుంటాయో ఇప్పుడు నీకు తెలుసు గదా."

వచ్చే నెల తారీకు చీటీ మీద రాసిచ్చాడు. ఆమె చీటీ మడిచి గుప్పిట్లో పెట్టుకుని, గోడ పట్టుకుంటూ వెళ్లిపోయింది.

బెంచీ ఇక ఖాళీ అయిందనుకుని తలెత్తి చూశాడు. మేస్త్రి అక్కడే ఉన్నాడు. అరచెయ్యి మాత్రం పక్కటెముకల మీదినుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు, ఆ తారీకు దాకా కూర్చునేవాడిలా.