హాలండ్ నుంచి వచ్చిన కార్డులు

పంతొమ్మిది వందల పద్నాలుగులో జర్మనీతో యుద్ధం మొదలయ్యాక థ్రెల్‌ఫాల్ గారి మీద పోలీసులకు చెప్పింది నేనే. మా రేవు ఊరి పెద్ద చర్చి, కెథీడ్రల్‌లో ఆయన ఇరవై రెండేళ్లుగా ఆర్గన్ వాయిస్తున్నారు. అక్కడ పాడే కీర్తనల్లో సగం ఆయన బాణీ కట్టినవే. తలుపులు తీయడం, మూయడం, కొవ్వొత్తులు వెలిగించడం, వచ్చిన ఉత్తరాలు అందించడం నా పని.

ఆయనకు హాలండ్ నుంచి నెలకో కార్డు వచ్చేది. దాని మీద ఒక్క మాట ఉండదు. సంగీతం రాసుకునే ఐదు గీతలు, కొన్ని స్వరాలు, వాటి కింద అంకెలు. ఆయనా అలాంటివే తిరిగి పంపేవారు. చదువుకున్నది జర్మనీలోని లైప్‌సిగ్‌లో. మా రేవులో ఓడల లెక్క పంపిస్తున్నారేమోనని నాకు దిగులు పట్టుకుంది. గాయకబృందంలోని నట్‌కట్ చెవిన వేస్తే, ఆయన ఓసారి టీకి పిలిచి జర్మనీవాళ్లు తినే నల్లరొట్టె పెట్టినప్పుడే తనకు తేడాగా అనిపించిందన్నాడు. ఇక మూడో కార్డు తిన్నగా పోలీసు సార్జెంట్ కిబుల్ చేతికిచ్చాను.

మర్నాడు ఉదయం ప్రార్థన కాగానే సార్జెంట్ వచ్చి, మిగతా రెండూ తెప్పించుకుని, అంకెల సంగతి అడిగాడు.

"కింది వరస మా గురువుగారు రాస్తారు. పైన ఏ స్వరాలు రావాలో ఆ అంకెలు చెబుతాయి. పూర్తి చేసి పంపడం నా వంతు. ఎన్నో ఏళ్లుగా మాకిదో ఆట," అన్నారు థ్రెల్‌ఫాల్ గారు.

"గురువుగారు ఉండేదెక్కడ?"

"లైప్‌సిగ్‌లోనే. డెబ్బై తొమ్మిదేళ్లు. యుద్ధంలో నేరుగా ఉత్తరాలు రావు కనుక హాలండ్‌లోని స్నేహితుడి ద్వారా పంపుతారు."

సార్జెంట్ వాయించమన్నాడు. మొదటి కార్డు సగంలోనే అతని మొహం మారిపోయింది.

"ఇది మన పటాలం యుద్ధానికి వెళ్లిన రోజు పాడింది కదండీ. మా ఆవిడ ఏడ్చింది."

"అదే. దాని కింది వరస ఆయనదే."

ఆయన ఆ మాట దాచుకుని ఉంటే సరిపోయేది. గూఢచారి కాదని తేలింది కానీ, ఆ మాట పాకి ఆదివారానికల్లా, జర్మనీవాడి పాట పాడేది లేదని బృందం మొండికేసింది. కింది వరస మార్చమని కెథీడ్రల్ పెద్ద డీన్ గారు బతిమాలారు. థ్రెల్‌ఫాల్ గారు ఒప్పుకోక ఉద్యోగం వదిలేశారు.

ఆయన వెళ్లేముందు తప్పు ఒప్పుకుందామని ఇంటికి వెళ్లాను.

"సార్జెంటుకు చెప్పింది నేనేనండీ."

"తెలుసు డాకెట్. కార్డు మీద నీ కొవ్వొత్తుల మైనం అంటుకుంది. ఆ పెట్టె కాస్త పట్టు."

స్వరాల కాగితాలతో రాయిలా ఉన్న పెట్టెను రైల్వే స్టేషన్ దాకా మోశాను. రైలు కదిలాక ఆయన ఒక్కసారి తలూపారు.

మర్నాడు తలుపులు తీస్తుంటే నట్‌కట్ నా పక్కన వచ్చి నిలబడ్డాడు.

"నిన్న నువ్వు మోసిన పెట్టెలో ఏముందోయ్?" అన్నాడు, నన్ను అనుమానంగా చూస్తూ.