పదకొండో తెప్ప

ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. నైరుతి గాలి, ఆకాశంలో మూడు వంతులు మబ్బు, వాన లేదు, ఒడ్డున విరిగే కెరటం నడుమెత్తు. ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలుగుతున్నానంటే నా ఎడమ చేతిలో పందెం గడియారం ఉంది, కుడి చేతిలో నోటు పుస్తకం ఉంది, అందులో నా దస్తూరీతోనే ఇదంతా రాసి ఉంది. తెలియనిదల్లా నేను నిలబడ్డ చోటు ఏదన్నదే, ఎందుకంటే పాదాల కింద గవ్వలపేట ఇసుక తడితడిగా తగులుతోంది గానీ, తలెత్తితే విశ్వవిద్యాలయంలో నేను ఎం.ఏ. చరిత్ర చదివిన హాలు పైకప్పు కనిపిస్తోంది, పొడుగు కాడల ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతున్నాయి, బెంచీలు ఉండవలసిన చోట దుంగకు దుంగ తాడుతో కట్టిన పాతకాలపు తెప్పలు వరసగా ఉన్నాయి. పది తెప్పలు. పదకొండు ఉండాలి.

పదకొండోదాన్ని భుజానికెత్తుకుని, అంత బరువూ ఒక చాపచుట్ట అయినట్టు, తలుపులోంచి దానయ్య వస్తున్నాడు.

"ఏటి పంతులమ్మ గోరూ, ఇంకా ఆ గడియారం ఆపనేదా?"

"నువ్వు ఒడ్డెక్కితే ఆపుతాను దానయ్యా," అంటాను.

సూరాడ దానయ్య చనిపోయి పంతొమ్మిదేళ్ళయిందని నాకు తెలుసు. అయితే ఆ తెలివిడి పక్కింట్లో మోగే రేడియోలా వినిపిస్తోందే తప్ప మా మాటలకు అడ్డు రావడం లేదు. అతడి తలగుడ్డలోంచి నీళ్ళు కారుతున్నాయి, అవి నేల మీద పడకముందే ఎటో పోతున్నాయి. గవ్వలపేటలో గంగమ్మ పండగకు తెప్పలు కడలిలోకి తీసుకువెళ్ళే పెద్ద అతడే. నేను ఆ ఊరి బడిలో చరిత్ర చెప్పే పంతులమ్మను, పండగల మీద పరిశోధన చేసినదాన్ని. అందుకే పండగను తీరోత్సవంగా మార్చి, తెప్పల పందెం పెట్టి, వెండి కప్పు ఇవ్వాలని పెద్దలు తలపెట్టినప్పుడు నిబంధనలు రాసే పని నాకు వచ్చింది.

అతడు మూడో వరసలో కూర్చుంటాడు, నేను బల్ల ఇవతల కూర్చుంటాను, మా మధ్య ఉన్నది మౌఖిక పరీక్ష అని ఎవరూ చెప్పకుండానే ఇద్దరికీ అర్థమవుతుంది, కిటికీ అవతల డప్పులు చాలా దూరం నుంచి, నీళ్ళ అడుగు నుంచి మోగుతున్నట్టు వినిపిస్తాయి.

"గంగమ్మ పండగనాడు తెప్పలు ఒడ్డుకు ఎలా తిరిగి వస్తాయి? వివరించు," అంటాను, పరీక్షాధికారి గొంతుతో.

"మీకు తెల్దేటి? పది మాట్లు సెప్పినాను గదా."

"జవాబు నీ నోటి నుంచి రావాలి."

దానయ్య నవ్వుతాడు. "అమ్మోరికి పసుపు కుంకం ఇచ్చీసి తిరిగొత్తాం. ముందొచ్చినోడు ముందల ఇసక తొక్కడు. కెరటం ఇరిగే కాడికి అవతలే ఆగిపోతాడు, తాడు సేత్తో పట్టుకోని. రెండోడు ఆడి పక్కన ఆగుతాడు. అలాగ ఆకరోడు వొచ్చిందాకా. అప్పుడు అందరం పక్కపక్కన, ఒకే కెరటం మీద లోనకొస్తాం. ఎవుడి తెప్ప ఇడిపోతే ఆడికి అటో తాడూ ఇటో తాడూ. ఒడ్డెక్కినాక చోడంబలి ముంత ముందల ఆకరోడి సేతికే. ఆడు తాగిందాకా ఎవుడూ నోరు తడపడు. ఎన్ని మార్కులు?"

"నూటికి నూరు," అంటాను, రాయబోతాను. పెన్ను ముల్లు లోంచి సిరా రావడం లేదు, సన్నని ఇసుక వస్తోంది.

నల్లబల్ల మీద సుద్దముక్కతో, నా అక్షరాలే, వాటంతట అవే పరుచుకుంటున్నాయి: నాలుగో నిబంధన, ముందుగా ఒడ్డు తాకిన తెప్పకు కప్పు. నేను లేచి కొంగుతో తుడుస్తాను. తుడిచినకొద్దీ అక్షరాలు లావెక్కుతున్నాయి, మర్రివేళ్ళలాగా కాదు, నానిన తాడు పేటల్లాగా ఉబ్బుతున్నాయి, చివరికి బల్లంతా ఆ ఒక్క వాక్యమే అవుతుంది. ఆ కాగితం చదివి వినిపించిన రోజు దానయ్య సభలో అడిగాడు, మొదటోడికే కప్పంటే ఆకరోణ్ణి ఎవుడు సూత్తాడమ్మా అని. పందెమంటే అదే కదా దానయ్యా, అని నేను నవ్వాను, నాతోపాటు సభ నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు ఫ్యాను రెక్కల మధ్య నుంచి మళ్ళీ వినిపిస్తోంది.

"బల్ల అలా ఒగ్గీయండి," అంటాడతడు. "ఇప్పుడు నాను అడుగుతాను. ఆ దినం కెరటం ఎంతెత్తు?"

"నడుమెత్తు."

"నాను పోయినాక రాసిన రిపోర్టులో మనిసెత్తు అని రాసినారంట?"

"రాశాను."

"ఏ మనిసీ? మా కూతురు అప్పయ్య అప్పుటికి మూడేళ్ళ పిల్ల, దాని ఎత్తా?" అని పకపకా నవ్వుతాడు. నాకూ నవ్వు వస్తుంది, నవ్వుతూనే ఏడుస్తాను, ఎందుకంటే ఆ ఒక్క మాట మీదనే పంతొమ్మిదేళ్ళుగా నా పరువు నిలబడి ఉంది. కెరటం మనిషెత్తు అయితే తప్పు సముద్రానిది. నడుమెత్తు అయితే తప్పు ఇంకెక్కడో వెతకాలి.

వెతకడానికి దూరం పోనక్కర్లేదు. మొదటి తెప్ప ఇసుక తాకగానే జనం, డప్పులు, పూలదండలు అటు పరుగెత్తాయి. మిగిలినవాళ్ళు కప్పు పోయినా పేరన్నా దక్కుతుందని ఒకరి వెనక ఒకరు కెరటంలోకి తోసుకువచ్చారు. అలవాటు మానలేని మనిషి ఒక్కడే అవతల ఆగి, తొమ్మిదోవాణ్ణీ పదోవాణ్ణీ క్షేమంగా పంపి, తాడు చేత్తో పట్టుకుని, తనకోసం తాడు పట్టుకునేవాడు లేని కెరటంలోకి వచ్చాడు. దుంగలు విడిపోయాయి. పది తెప్పల సమయాలు రాసిన నా పట్టికలో పదకొండో గడి ఖాళీగా ఉండిపోయింది.

హాలు గోడలు ఎప్పుడు పోయాయో తెలియదు, మేమిద్దరం మోకాలి లోతు నీళ్ళలో నడుస్తున్నాం, నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి, నా మీద పట్టుచీర ఉంది, తడవడం లేదు.

"దానయ్యా, నీ చావుకు నేను కారణమా? ఉన్నదున్నట్టు చెప్పు. నేను ఓర్చుకోగలను."

"సముద్రానికి మీ కాయితం సదవడం వొచ్చేటి?"

నా గుండె తేలికవుతుంది. ఆ తేలికతనంతో నేను నీళ్ళ మీదికి లేస్తాను కూడా, జానెడు. అతడు నా చెయ్యి పట్టి కిందికి దించుతాడు.

"సముద్రం సదవనేదమ్మా. మావోళ్ళు సదివినారు."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బదులు చెప్పుకునేదాన్ని. డప్పులు ఆగిపోయాయి.

"ఈ మధ్యాన్నం మా అప్పయ్య మీ ఇంటికొచ్చిందంట గదా," అంటాడు, ఊళ్ళో కబురు అడిగినట్టు.

"వచ్చింది. తెప్పల పందెం మళ్ళీ పెడతారట. పండగ సంఘానికి ఇప్పుడు ఆ పిల్లే కార్యదర్శి. పాత నిబంధనల కాగితం ఇమ్మంది."

"ఇచ్చినారేటి?"

"కునుకు తీసి లేచాక వెతికి ఇస్తానన్నాను."

"కాయితం ఎక్కడున్నాదో మీకు తెల్దేటి?"

"తెలుసు."

"మరి కునుకెందుకూ?"

 ఆ కాగితం అలాగే ఇస్తే అదే పందెం మళ్ళీ జరుగుతుంది. మార్చి ఇస్తే ఎందుకు మార్చారని అప్పయ్యమ్మ అడుగుతుంది. మీ అయ్య ముందే చెప్పాడు, నేను నవ్వాను, తర్వాత కెరటం ఎత్తు పెంచి రాశాను, అని చెప్పాలి. ఇదంతా నేను పైకి అనడం లేదు, అయినా అతడు తల ఊపుతూ వింటున్నాడు.

"నోరంతా ఉప్పుగున్నాదమ్మా," అంటాడు చివరికి. "నా ముంత ఏదీ?"

అప్పుడు కంగారు పుడుతుంది. నా చేతిలో గడియారం లేదు, పుస్తకం లేదు, వెండి కప్పు ఉంది. దాన్నే నింపుదామని చూస్తే లోపల నిండా ఇసుక. వంచుతాను, ఇసుక కారుతూనే ఉంది, కప్పు అడుగు కనిపించడం లేదు. తెప్పల మీద పదిమంది వరసగా కూర్చుని, పెదాలు ఎండిపోయి, ఒక్కరూ ముంత ఎత్తకుండా, నా వంక చూస్తున్నారు. వాళ్ళూ పంతొమ్మిదేళ్ళుగా దాహంతోనే ఉన్నారని అప్పుడు తెలుస్తుంది నాకు.

"కంగారు పడకండి," అంటున్నాడు దానయ్య, గొంతు అప్పుడే కెరటం అవతలి నుంచి వస్తోంది. "నానెప్పుడూ ఆకర్నే గదా. ఆగుతాను."

మెలకువ వచ్చేసరికి మూడు గంటల ఇరవై నిమిషాలు, ఎండ, గాలి లేదు. మంచం పక్క బల్ల మీద, మధ్యాహ్నం అప్పయ్యమ్మ ఇంటి నుంచి తెచ్చి పెట్టిన రాగుల చోడంబలి గ్లాసు, పైన మూత, అలాగే ఉంది. దాహంగా ఉండి చెయ్యి చాచాను. మూత తీసి, మళ్ళీ పెట్టేశాను.

బీరువాలోంచి పాత నోటు పుస్తకం తీశాను. కెరటం నడుమెత్తు అని నా దస్తూరీతోనే ఉంది. అది పట్టుకుని అప్పయ్యమ్మ ఇంటికి నడిచి వెళ్ళి, ఆమె గుమ్మంలో నిలబడి, జరిగింది జరిగిన వరసలో చెప్పాను. ఆమె చేతిలోని చేట కింద పెట్టింది.

"ఇన్నేళ్ళు ఎందుకు సెప్పనేదు?"

"భయం."

"ఇప్పుడు నేదేటి?"

"ఉంది."

"మా ఇంట్లో మా అయ్యని సముద్రం తీసుకుపోనాదనే సెప్పుకుంటన్నాం," అంది, నా వంక చూడకుండా. "లోనకి రమ్మని ఇవాళ అన్లేను. ఆ కాయితం మాత్రం మా అయ్య సెప్పినట్టు రాసి పంపండి."

రాసి పంపాను. గెలుపు కెరటం విరిగే చోటికి అవతల, నీళ్ళలో నిలిపిన జెండా దగ్గరే తేలుతుంది. ఆఖరి తెప్ప వచ్చేదాకా ఆగకుండా ఒడ్డు తాకినవాడికి కప్పు లేదు. మొదటి ముంత ఆఖరివాడిది. అప్పయ్యమ్మ నన్ను లోపలికి పిలవడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది.

ఏడో ఏడు పందెంలో, నడుమెత్తు కెరటంలో ఒక తెప్ప విడిపోయింది. రెండు పక్కల నుంచీ తాళ్ళు పడ్డాయి, మనిషి బతికాడు. ఆ ఏడు కప్పు ఎవరు గెలిచారో నా పుస్తకంలో లేదు.